ముగ్గుల పుస్తకం అమ్మి నేపాల్ ఆడపిల్లల చదువుకు డబ్బు పంపాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు టెక్సస్‌లో ఉంటున్నారు. మీ అమ్మగారు ఎన్నో ఏళ్ళుగా నోటుపుస్తకాల్లో వేసిపెట్టుకున్న చుక్కల ముగ్గుల్లోంచి మంచివి ఏరి, మీ అమ్మాయి చేత శుభ్రంగా గీయించి, పుస్తకంగా అచ్చు వేయించి, ధనుర్మాసంలో అమ్మి, వచ్చిన డబ్బును పశ్చిమ నేపాల్‌లో ఒకప్పుడు కమ్లరీలుగా, అంటే పరాయి ఇళ్ళలో పనిపిల్లలుగా, వెట్టి చేసిన థారూ తెగ కుటుంబాల ఆడపిల్లల చదువుకు పంపాలనుకుంటున్నారు. పుస్తకానికి ధర ఎంత పెట్టాలి, డబ్బు ఎవరికి పంపాలి, పన్నుల సంగతి ఏమిటి అని అడిగారు. ఇక్కడి ఒక తెలుగు సంఘానికి చాలాకాలం కోశాధికారిగా పనిచేసినందువల్ల, పుస్తకాలో బొమ్మలో క్యాలెండర్లో అమ్మి విరాళాలు పోగుచేసినవాళ్ళ లెక్కలు చూసే అవకాశం నాకు కలిగింది. మీరు అడిగిన మూడింటికీ జవాబు చెబుతాను కాని, మీరు అడగని ఒక సంగతితో మొదలుపెట్టక తప్పదు. పుస్తకం ఒక్క పండుగకు అమ్ముడుపోతుంది, చదువు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఈ రెండు కాలాలకూ పొత్తు కుదర్చకుండా పుస్తకం పని మొదలుపెట్టకండి.

ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదటి ఏడాది బంధువులు, స్నేహితులు, ఆఫీసులో తోటివాళ్ళు ఉత్సాహంగా కొంటారు. నాలుగైదు వేల డాలర్లు పోగవుతాయి. ఆ ఊపులో ఫలానా అమ్మాయిలను డిగ్రీ దాకా చదివిస్తామని మాట ఇచ్చేస్తారు. రెండో ఏడాది అదే పుస్తకాన్ని అదే మనుషులు మళ్ళీ కొనరు. ఆ అమ్మాయిలు మాత్రం అప్పటికి పై తరగతిలోకి వచ్చి, పుస్తకాలకూ పరీక్ష రుసుముకూ ఎదురుచూస్తూ ఉంటారు. అందుచేత, చేతిలో ఉన్న డబ్బుతో మొదలుపెట్టి ఆ డబ్బుతోనే పూర్తిచేయగలిగిన పనిని ఎంచుకోమని అడిగినవాళ్ళందరికీ చెబుతాను. ఏటేటా కొత్త పుస్తకం తీసుకురాగల ఓపిక మీకు ఉండవచ్చు. ఉంటే మంచిదే, అప్పుడు కొత్త డబ్బుతో కొత్త పని చేపట్టవచ్చు. రాబోయే పుస్తకాన్ని నమ్ముకుని ఈనాడు ఒక పిల్లకు మాట ఇవ్వడం మాత్రం వద్దు.

మీరు ఎంచుకున్న ప్రాంతం గురించి కొంత తెలిసే అడిగారు కాని, మీ ప్రశ్నలో "కమ్లరీలను విడిపించడం" అన్న మాట ఉంది కాబట్టి ఇప్పటి పరిస్థితి చెప్పాలి. దాంగ్, బాంకే, బర్దియా, కైలాలీ, కంచన్‌పుర్ జిల్లాల్లో థారూలు తరతరాలుగా భూస్వాముల దగ్గర కమైయాలుగా, అంటే అప్పు కింద కట్టుబడిన పాలేర్లుగా, బతికారు. 2000 జులైలో నేపాల్ ప్రభుత్వం ఆ పద్ధతిని రద్దు చేసింది. స్వేచ్ఛ వచ్చింది కాని సెంటు భూమి లేదు. ఆ పేదరికంలోనే ఇళ్ళలోని ఆడపిల్లలను, కొందరిని ఏడెనిమిదేళ్ళ వయసులోనే, ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని పట్నాల్లోని ఇళ్ళకు పనికి పంపే కమ్లరీ అలవాటు కొనసాగింది. ఆ బేరాలు కుదిరేది థారూల కొత్త సంవత్సరమైన మాఘీ పండుగకు. అది మన మకర సంక్రాంతి రోజే. మన ఇళ్ళ ముందు రథం ముగ్గులు పడే రోజుల్లోనే అక్కడ దళారులు ఊళ్ళలోకి వచ్చేవారన్నమాట. ముగ్గుల పుస్తకానికీ ఈ పనికీ ఉన్న నిజమైన సంబంధం ఇదొక్కటే. ఇంతకు మించి కథ అల్లకుండా ఈ ఒక్క వాస్తవాన్ని పుస్తకం ముందుమాటలో రాస్తే చాలు.

నేపాల్ సుప్రీంకోర్టు 2006లో ఈ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చింది. 2013లో సృజన చౌధరి అనే పన్నెండేళ్ళ కమ్లరీ పనిచేసే ఇంట్లో కాలిన గాయాలతో మరణించడంతో పెద్ద ఆందోళన లేచింది. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం కమ్లరీ పద్ధతిని అధికారికంగా రద్దు చేసింది. ఈ మార్పు వెనుక విడుదలైన అమ్మాయిల సంఘాల పోరాటం ఉంది. దానితోపాటు కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో న్యాయమూర్తుల దగ్గర న్యాయవాదిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఓల్గా ముర్రే స్థాపించిన నేపాల్ యూత్ ఫౌండేషన్ 2000 నుంచి చేసిన పని కూడా ఉంది. ఆమె 2024లో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో మరణించారు. ఆ సంస్థ పన్నెండు వేల మందికి పైగా అమ్మాయిలను విడిపించి బడిలో చేర్చింది. వాళ్ళు పాటించిన పద్ధతిలో మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. కూతురిని పనికి పంపకుండా ఇంట్లో ఉంచుకున్న కుటుంబానికి ఒక పందిపిల్లనో మేకపిల్లనో ఇచ్చేవారు. దాన్ని పెంచి అమ్మితే వచ్చే సొమ్ము, ఆ పిల్ల ఏడాది కష్టానికి దొరికే సొమ్ముకు దాదాపు సరిపోయేది. బడి ఖర్చు సంస్థ భరించేది. బడి ఫీజు కట్టినంత మాత్రాన పిల్ల బడికి రాదని, ఆమె సంపాదన పోవడం వల్ల ఇంట్లో పడే లోటును కూడా పూడ్చాలని వాళ్ళు మొదట్లోనే గ్రహించారు. విడుదలైన అమ్మాయిలే ఊరూరా వీధి నాటకాలు ఆడి మిగతా తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. కళతో ఆడపిల్లల చదువుకు దారి చూపడం అన్నది మీ ఆలోచనకు ముందే అక్కడ జరిగిన పని.

కాబట్టి నేటి అవసరం విడిపించడం కన్నా ఆ తర్వాతి మెట్టులో ఉంది. నేపాల్ రాజ్యాంగంలోని 31వ అధికరణ ఎనిమిదో తరగతి దాకా నిర్బంధ ఉచిత విద్యను, మాధ్యమిక స్థాయి దాకా ఉచిత విద్యను హక్కుగా చెప్పింది. అయినా బడి దూరం, దుస్తులు, పుస్తకాలు, పరీక్షలు, పైచదువు ఖర్చులు పేద కుటుంబం మీదే పడతాయి. పదో తరగతి చివర రాసే ఎస్ఈఈ పరీక్ష దగ్గరా, ఆపైన ప్లస్ టూ చేరేటప్పుడూ ఆడపిల్లలు జారిపోయే ప్రమాదం ఎక్కువ. పుస్తకంలాంటి ఒక్కసారి వచ్చే డబ్బుకు సరిపోయే పనులు ఇక్కడ మూడు కనిపిస్తున్నాయి. మొదటిది ప్లస్ టూ. రెండేళ్ళలో ముగుస్తుంది. రెండోది సీటీఈవీటీ అనే ప్రభుత్వ సాంకేతిక విద్యా మండలి కింద నడిచే వృత్తి కోర్సులు. వ్యవసాయం, ఆరోగ్యం వంటి రంగాల్లో ఏడాదిన్నర కోర్సులూ మూడేళ్ళ డిప్లొమాలూ ఉన్నాయి. మూడోది సైకిల్.

సైకిల్ అనగానే చాలామంది చిన్నచూపు చూస్తారు, అది చదువు ఎలా అవుతుందని. నేపాల్ దక్షిణపు మైదానమైన తరాయికి ఆనుకునే ఉన్న బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించగా, తగిన వయసులో హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆడ, మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఆ ప్రభావం ఎక్కువ. తరాయి కూడా బీహార్ లాగే చదునైన నేల కాబట్టి సైకిల్ అక్కడా పనికొస్తుంది. ఒకసారి కొని ఇస్తే మళ్ళీ ఏడాది మాట ఇవ్వవలసిన అవసరం ఉండదు. చిన్న మొత్తం పోగుచేసే మీలాంటివాళ్ళకు ఇంతకన్నా పొందికైన ఖర్చు నాకు తోచడం లేదు. అయితే అక్కడి సంస్థ తమకు సైకిళ్ళ కన్నా హాస్టలు ఖర్చే అవసరమని చెబితే వాళ్ళ మాటే వినండి, నా మాట కాదు.

ఇక డబ్బు ఎవరికి పంపాలన్న ప్రశ్న. ఊరి బడి ప్రధానోపాధ్యాయుడి సొంత ఖాతాకో, సోషల్ మీడియాలో పరిచయమైన మంచి మనిషికో పంపకండి. ఆయన నిజంగా మంచివారే కావచ్చు. అయినా నేపాల్‌లో స్వచ్ఛంద సంస్థలు విదేశీ సాయం తీసుకోవాలంటే సోషల్ వెల్ఫేర్ కౌన్సిల్ అనే ప్రభుత్వ మండలి అనుమతి ఉండాలి. పైగా 2025 ఫిబ్రవరిలో, అక్రమ డబ్బు చలామణి మీద కన్నేసి ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ ఆ దేశాన్ని గ్రే లిస్టులో, అంటే ప్రత్యేక నిఘా జాబితాలో, పెట్టినందువల్ల బ్యాంకులు ఆరా తీయడం సహజం. మీకు సులువైన దారి, అమెరికాలో 501(సి)(3) గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న దాతృత్వ సంస్థగా గుర్తింపు, ఉండి, నేపాల్‌లో చట్టబద్ధంగా పనిచేస్తున్న సంస్థకు ఇవ్వడం. పైన చెప్పిన నేపాల్ యూత్ ఫౌండేషన్ ఒక ఉదాహరణ మాత్రమే, ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఏ సంస్థనైనా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులోని వెతుకులాట పేజీలో చూడండి, గుర్తింపు ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. ఆపైన వాళ్ళు ఏటా ఆ శాఖకు ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990 తెరవండి. అది బహిరంగ పత్రం. కార్యక్రమాలకు ఎంత, నిర్వహణకు ఎంత, విరాళాల సేకరణకు ఎంత ఖర్చయిందో వేరువేరు గడుల్లో ఉంటుంది. నిర్వహణ ఖర్చు తక్కువగా కనిపిస్తే చాలు గొప్ప సంస్థ అనుకునే అలవాటు మనవాళ్ళలో ఉంది. పల్లెల్లో తిరిగి, ఏ పిల్ల బడి మానేసిందో కనిపెట్టే మనిషి జీతం లేకుండా ఈ పని నడవదు. ఆ జీతాన్ని చూసి ముఖం చిట్లించుకోవడం అన్యాయం.

సంస్థకు రాసే మొదటి ఉత్తరంలోనే ఒక సంగతి తేల్చుకోండి. మీరు ఇచ్చే డబ్బును ఫలానా పనికే వాడాలన్న షరతు వాళ్ళు ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే కనీసం ఎంత మొత్తం ఉండాలి? మూడు నాలుగు వేల డాలర్లకు వేరే ఖాతా, వేరే నివేదిక పెట్టడం చాలా సంస్థలకు భారమే. వాళ్ళు కుదరదంటే కోపగించుకోకుండా, వాళ్ళ ఆడపిల్లల చదువు కార్యక్రమం మొత్తానికి ఇవ్వండి. అప్పుడు మీ పుస్తకం మీద కూడా అలాగే రాయాలి. "మీరు కొన్న ఈ పుస్తకం ఒక అమ్మాయిని ఏడాది చదివిస్తుంది" అని రాసి, డబ్బు ఉమ్మడి నిధికి పంపితే అది కొన్నవాళ్ళకు అబద్ధం చెప్పినట్టే.

ఈ సందర్భంలో గ్రెగ్ మార్టెన్‌సన్ వ్యవహారం తెలుసుకోవడం మంచిది. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ పల్లెల్లో ఆడపిల్లలకు బడులు కట్టించే సెంట్రల్ ఏషియా ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థకు ఆయన అప్పట్లో నాయకుడు. ఆ అనుభవాల మీద ఆయన రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయి సంస్థకు కోట్ల విరాళాలు తెచ్చింది. 2011లో ఆ కథనాల్లోని నిజానిజాల మీదా లెక్కల మీదా ప్రశ్నలు లేచాయి. మోంటానా రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ జరిపి, పుస్తకాల ప్రకటనల ఖర్చూ, పంచడానికి ప్రతులు కొన్న ఖర్చూ సంస్థే భరించిందని, రాయల్టీ మాత్రం రచయితకు వెళ్ళిందని తేల్చారు. 2012లో ఆయన పది లక్షల డాలర్లకు పైగా సంస్థకు తిరిగి చెల్లించడానికి ఒప్పుకున్నారు. మీది చిన్న పుస్తకం. అయినా సూత్రం అదే. పుస్తకం ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది, పుస్తకంలో మిగిలే హక్కులు ఎవరివి అన్నది అచ్చుకు ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి. మీ అమ్మగారి ముగ్గుల మీద హక్కు ఆమెకే ఉండాలని నా అభిప్రాయం. ఈ ఒక్క ముద్రణకు మాత్రం అనుమతి ఇచ్చినట్టు ఆమె చేత రాయించుకోండి. ఇంట్లోవాళ్ళ మధ్య కాగితాలెందుకని నవ్వకండి, రేపు మరొకరు ఇదే పుస్తకాన్ని వ్యాపారంగా వేస్తామని వచ్చినప్పుడు అవసరపడుతుంది.

పన్నుల కన్నా ముందు వీసా సంగతి చూడండి, మన వాళ్ళలో దీన్ని తలచుకునేవారు తక్కువ. మీలో ఎవరైనా హెచ్-4 మీద ఉండి పని అనుమతి లేకపోయినా, హెచ్-1బీ మీదో ఎఫ్-1 మీదో ఉన్నా, సొంత పేరున పుస్తకాలు అమ్మి ఆదాయం తీసుకోవడం అనుమతి లేని పని కిందికి రావచ్చు. ఆ డబ్బంతా తర్వాత దానం చేశామన్నది దానికి జవాబు కాకపోవచ్చు. ఒక్కసారి ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఏ వీసా మీద ఉన్నవారికైనా చిక్కు తక్కువగా ఉండే ఏర్పాటు, డబ్బు మీ చేతికి రాకపోవడం. అంటే కొనేవాళ్ళు సంస్థ సొంత విరాళాల పేజీలోనే చెల్లిస్తారు. మీరు జీతం లేని స్వచ్ఛంద సేవకులుగా పుస్తకం అందిస్తారు. ఫోన్‌లోంచి డబ్బు పంపే జెల్, వెన్మో సేవల ద్వారా మీ ఖాతాకు పోగుచేసి చివర్లో ఒకే మొత్తంగా పంపే పద్ధతి చూడటానికి సులువు. అయితే ఆ డబ్బు లెక్కకు మీ ఆదాయం అవుతుంది, మీరిచ్చే విరాళానికి మినహాయింపు పూర్తిగా దొరుకుతుందన్న హామీ లేదు, కొన్నవాళ్ళకు రసీదూ రాదు.

ఈ ఏర్పాటుకు ఇంకొక లాభం ఉంది. మన ఐటీ ఉద్యోగుల్లో చాలామంది ఇచ్చే విరాళానికి సమానంగా వాళ్ళ కంపెనీ మరికొంత కలుపుతుంది. కాని ఆ సౌకర్యం విరాళానికే వర్తిస్తుంది, కొనుగోలుకు కాదు. విరాళం ఇచ్చి బదులుగా వస్తువు తీసుకుంటే, ఆ వస్తువు సరసమైన మార్కెట్ విలువను తీసివేయగా మిగిలినదే పన్ను లెక్కలో విరాళం. ఉదాహరణకు 50 డాలర్లు ఇచ్చినవారికి 10 డాలర్ల విలువైన పుస్తకం ఇస్తే 40 డాలర్లే విరాళం. అలా ఇచ్చిన మొత్తం 75 డాలర్లు దాటితే, ఆ విభజనను సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవారికి మినహాయింపు కావాలంటే సంస్థ నుంచి లిఖిత రసీదు ఉండాలి. మీ అమ్మగారి శ్రమకూ మీ సమయానికీ ఏ మినహాయింపూ లేదు. సంస్థ కోసం సేవకులుగా చేతి నుంచి పెట్టిన ఖర్చులకు కొన్ని షరతులతో ఉంటుంది. నేపాల్‌లోని సంస్థకు నేరుగా పంపిన డబ్బుకు అమెరికాలో మినహాయింపు దొరకదు. సంస్థ పేరు, గుర్తు పుస్తకం మీద వేయడానికి ముందుగా వాళ్ళ లిఖిత అనుమతి తీసుకోండి. అమ్మకపు పన్ను విషయంలో, టెక్సస్‌లో అర్హత ఉన్న దాతృత్వ సంస్థలు ఏడాదికి రెండుసార్లు ఒక్కరోజు అమ్మకాలను పన్ను లేకుండా పెట్టుకోవచ్చు. దీపావళి మేళాకు ఒకటి, సంక్రాంతి ముందు వారాంతానికి ఒకటి అని సంస్థతో మాట్లాడుకోవచ్చు.

ధరకు వద్దాం. అంకెలు ఊహించి చెబుతున్నాను, మీ ప్రెస్సువాళ్ళు ఇచ్చిన అంచనాతో మార్చుకోండి. 500 ప్రతులు, ప్రతికి 4 డాలర్లు, మొత్తం 2,000 డాలర్లు అచ్చు ఖర్చు. ధర 20 డాలర్లు. కార్డు రుసుము మూడు శాతం. స్టాలు, కవర్లు, చిల్లర ఖర్చులు 290 డాలర్లు. 350 ప్రతులు పోతే 7,000 వస్తుంది, ఖర్చులన్నీ పోగా 4,500 మిగులుతుంది. 150 ప్రతులే పోతే 3,000 వస్తుంది, మిగిలేది 620 మాత్రమే. దాదాపు 118 ప్రతులు అమ్ముడయ్యేదాకా ఒక్క పైసా నేపాల్‌కు చేరదన్నమాట. ఈ లెక్క చూసినప్పుడు రెండు పనులు చేయాలనిపిస్తుంది. మొదటిది, దసరాకే ముందస్తు ఆర్డర్లు తెరిచి, కనీసం 120 మంది డబ్బు కట్టిన తర్వాతే అచ్చుకు ఇవ్వడం. రెండోది, అచ్చు ఖర్చును ఇద్దరు ముగ్గురు స్నేహితులు భరించేలా చూడడం. అచ్చు ఖర్చు బయట తీరిపోతే అవే 150 ప్రతులకు 620 బదులు 2,620 డాలర్లు పంపవచ్చు. ధర 12కు తగ్గిస్తే ఎక్కువమంది కొంటారన్న వాదన మన పండుగ స్టాళ్ళ దగ్గర నిలవదు. మంచి పనికి కొనేవాళ్ళు 20 ఇస్తారు, కొననివాళ్ళు 12కూ కొనరు.

క్యాలెండర్ వేస్తే బాగుంటుందా అని మీ ప్రశ్న చివర అడిగారు. వద్దు. ఊరూరా గుళ్ళలో మన నగరం సమయాలతో తిథి, నక్షత్రాలు వేసిన క్యాలెండర్లు ఉచితంగా పంచుతారు. గోడ మీద చోటు దానికే. పైగా జనవరి పదో తారీఖు దాటిన క్యాలెండర్ కాగితంతో సమానం. ముగ్గుల పుస్తకం అమ్ముడుపోకపోయినా మరుసటి ఏడాది అమ్మవచ్చు.

పుస్తకం తయారీలో అచ్చు తప్పు అంటే మామూలు పుస్తకంలో ఒక అక్షరం, మీ పుస్తకంలో ఒక చుక్క. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని శీర్షిక పెట్టిన ముగ్గులో మధ్య వరుస 15, పైకీ కిందికీ 14, 13 అంటూ తగ్గుతూ 8 దగ్గర ఆగాలి. కంప్యూటరులో గీసినప్పుడు ఒక వరుస పక్కకు అర చుక్క జరిగితే కంటికి తెలియదు. ముగ్గు వేయడానికి కూర్చున్న పిల్లకు మాత్రం మెలిక చివరికి కలవదు. అందుకే ప్రూఫును చదవడం చాలదు, వేసి చూడాలి. అచ్చు నమూనా చేతికి రాగానే మీ అమ్మగారు కాక, ముగ్గులు అంతగా రాని ఒకరి చేత గరాజు ముందు సుద్దముక్కతో ప్రతి ముగ్గునూ పుస్తకం చూసి వేయించండి. అమ్మగారి చేయి తప్పును తెలియకుండానే సరిదిద్దేస్తుంది. శీర్షికలో సరి చుక్కా సందు చుక్కా అన్నది ప్రతిచోటా రాయండి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఈ మాటలు కొత్త కాబట్టి మొదటి పేజీలోనే రెండింటికీ చిన్న బొమ్మ వేయండి.

ఇంకొకటి, నోటుపుస్తకంలో ఉన్న ముగ్గులన్నీ అమ్మగారివే అనుకోకండి. మన అమ్మలూ అత్తలూ వారపత్రికల్లో పండుగ సంచికలకు వచ్చిన ముగ్గులను శ్రద్ధగా ఎక్కించుకున్నవాళ్ళే. తరాలుగా ప్రతి వాకిట్లో వేసే ముగ్గుకు యజమాని లేడు కాని, ఒక పత్రికలో ఒకరి పేరుతో అచ్చయిన ప్రత్యేకమైన కూర్పును అలాగే దించి అమ్మడం సరికాదు. అనుమానం ఉన్న ముగ్గును తీసేయండి, మిగిలినవే కావలసినన్ని ఉంటాయి.

పోస్టు విషయం చిన్నదే కాని లాభాన్ని తినేస్తుంది. అమెరికా తపాలా శాఖలో పుస్తకాలకు మీడియా మెయిల్ అనే చవక పద్ధతి ఉంది. అయితే ఆ పుస్తకంలో వ్యాపార ప్రకటనలు ఉండకూడదు, ఖాళీ పేజీలే ఎక్కువగా ఉన్న నోటుపుస్తకాల్లాంటివి దాని కిందికి రావు. అంటే వెనుక అట్ట మీద రియల్టరు ప్రకటన వేసి అచ్చు ఖర్చు రాబట్టుకుంటే, ఆ చవక పోస్టు పోతుంది. సాధన కోసమని ఖాళీ చుక్కల పేజీలు సగం పుస్తకం నింపినా చిక్కే. దాతల పేర్లు పుస్తకంలో కాక స్టాలు బోర్డు మీద పెట్టండి, ఖాళీ చుక్కల పేజీలను ఆన్‌లైనులో ఉంచి కావలసినవాళ్ళను ప్రింటు తీసుకోమనండి. విజయవాడలో అచ్చు వేయిస్తే చవక అన్నది నిజమే కాని విమానంలో తెప్పించే ఖర్చు ఆ ఆదాను మింగుతుంది. అమ్మకానికి తెచ్చే సరుకును పచ్చళ్ళ పెట్టెలో సర్దుకుని రావచ్చని ఎవరైనా చెబితే వినకండి. అమ్మేందుకు తెచ్చినది కస్టమ్స్ దగ్గర చెప్పవలసిందే.

అమ్మే సమయం ధనుర్మాసం మొదలయ్యేలోపు, అంటే డిసెంబరు మధ్యకు ముందు. తెలుగు సంఘాల సంక్రాంతి సంబరాల రోజున ముగ్గుల పోటీ దగ్గర స్టాలు పెడితే బాగా పోతుందనుకుంటారు. ఆ రోజుకు పోటీకి వచ్చినవాళ్ళంతా ముగ్గు నేర్చుకునే వచ్చి ఉంటారు. పోటీ ప్రకటన వెలువడిన వారమే అమ్మకానికి అసలు అదను. నేపాల్‌లో బడి సంవత్సరం వైశాఖంలో, ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది కాబట్టి, జనవరి ఆఖరుకు లెక్క ముగించి ఫిబ్రవరిలో డబ్బు సంస్థకు చేరితే వాళ్ళు కొత్త సంవత్సరానికి వాడుకోగలరు.

స్టాలు దగ్గర చెప్పే మాటలో సంయమనం ఉండాలి. విడుదలైన అమ్మాయిల ఫోటోలు, పేర్లు అట్ట మీద వేయకండి, సంస్థ ఇచ్చినా వద్దు. ఇరవై ఏళ్ళ క్రితం కమ్లరీగా ఉన్న అమ్మాయి నేడు ఒక సహకార సంఘం నడుపుతూనో ఉద్యోగం చేస్తూనో ఉండవచ్చు, ఆ పాత ముఖం ఆమెకు అక్కరలేదు.

చదివేవాళ్ళలో ఈ డబ్బును ఆంధ్ర, తెలంగాణ బడులకే పంపుదామనేవారు ఉంటారు కాబట్టి ఒక్క మాట. దారి అంతకంటే సులువేమీ కాదు. భారతదేశంలో విదేశీ విరాళం తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, 2020 సవరణ తర్వాత దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది వస్తుంది, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. పుస్తకం అమ్మి నలుగురి దగ్గర పోగుచేసినదాన్ని ఒకరి సొంత డబ్బుగా చూపించి పంపడం తప్పు.

చివరి పేజీలో వేయవలసిన వాక్యాలు ఇలా ఉండవచ్చు: "ఈ పుస్తకం అచ్చు ఖర్చును మిత్రులు భరించారు. మీరు చెల్లించిన మొత్తం నేరుగా ఫలానా సంస్థకు చేరుతుంది. వారు దాన్ని పశ్చిమ నేపాల్‌లో ఆడపిల్లల చదువు కార్యక్రమానికి వాడతారు. పుస్తకం విలువ ఇంత, మిగిలినది విరాళం. ఎన్ని ప్రతులు పోయాయో, ఎంత పంపామో మార్చి నెలాఖరున ఈ చిరునామాలో ప్రకటిస్తాం." ఆ ప్రకటనలో అమ్ముడుపోని ప్రతుల సంఖ్య కూడా రాయండి. మిగిలిన వాటిని చవకగా వదిలించుకోకుండా, ఆదివారం తెలుగు బడులకు ఒక్కో తరగతికి ఒక్కో ప్రతి ఇచ్చి, ఇంకా మిగిలితే వచ్చే దసరా దాకా అట్టపెట్టెలో భద్రంగా ఉంచండి.